లా మార్కీస్ ద తూర్నీ: ఈ బోర్డో ప్రైవేటీర్ ఎలా మునిగిందో తేల్చగలమా?

తెరచాప_నీడ (ప్రశ్న)

బోర్డో రేవుకు చెందిన లా మార్కీస్ ద తూర్నీ గురించి తెలిసినవాళ్లు చెప్పాలి. నాకు తెలిసినంతలో సంగతి ఇదీ.

సుమారు 460 టన్నుల ఫ్రిగేట్ (వేగంగా నడిచే సాయుధ తెరచాప ఓడ). ఆస్ట్రియా వారసత్వ యుద్ధ కాలంలో ఇంగ్లిష్ వర్తక నౌకలను పట్టుకోవడానికి ఫ్రెంచి ప్రభుత్వ అనుమతి ఉన్న ప్రైవేటు ఓడ, అంటే ప్రైవేటీర్. బోర్డోలో అప్పుడు ఇంటెండెంట్‌గా (రాజు తరఫు పాలనాధికారిగా) ఉన్నవాడు లూయీ ఉర్బాఁ ఒబేర్ ద తూర్నీ (1743 నుంచి 1757 దాకా). ఆయన భార్య పేరే ఓడకు పెట్టి ఉంటారంటారు. ఒడిస్సీ మెరైన్ ఎక్స్‌ప్లొరేషన్ అనే అమెరికన్ కంపెనీ ఇంగ్లిష్ చానల్ పడమటి భాగంలో వెతుకుతూ 33సీ అని పేరు పెట్టిన చోట ఈ శిథిలాన్ని గుర్తించి, 2009లో ప్రకటించింది. అక్కడ 25 ఇనుప ఫిరంగులు, అడుగు బరువుకు వేసిన ఇనుప దిమ్మెలు, ఓడ పేరూ 1744 అన్న అంకెలూ ఉన్న కంచు గంట ఉన్నాయి. మునిగిన తేదీ, కారణం మాత్రం ఏ కాగితంలోనూ లేవు.

నా సందేహాలు మూడు. ఒక్క గంటను చూసి ఫలానా ఓడ అని చెప్పేయవచ్చా? ఇంత పెద్ద ఓడ పోతే ఎక్కడా నమోదు కాకపోవడం ఏమిటి? అడుగున మిగిలిన సామాను చూసి తుపానా, యుద్ధమా, మరొకటా అని తేల్చే వీలుందా?

దస్తావేజు

ముందు రెండో ప్రశ్న చూద్దాం. మిగతా రెండింటికీ దారి అక్కడి నుంచే ఉంది.

ఫ్రెంచి ప్రైవేటీర్ అంటే కాగితాల మీద నడిచే వ్యాపారం. 1681 నాటి సముద్ర శాసనం ప్రకారం అమిరల్ ద ఫ్రాన్స్ (ఫ్రాన్స్ నౌకాధిపతి) పేరిట కమిషన్, అంటే అనుమతి పత్రం, లేకుండా బయల్దేరితే అది సముద్రపు దొంగతనం కిందే లెక్క. ఈ ఓడ కాలంలో ఆ అమిరల్ పదవిలో ఉన్నవాడు పాంతియేవ్ర్ డ్యూక్. ఓడను సిద్ధం చేసే యజమాని, అంటే ఆర్మతర్, ఆనాటి ఫ్రెంచి డబ్బులో 15,000 లీవ్ర్‌ల హామీ కట్టాలి. మిత్రదేశాల ఓడను తప్పుగా పట్టుకుంటే పరిహారం అందులోంచి పోతుంది. కమిషన్‌ను రేవులోని అమిరల్టీ (సముద్ర వ్యవహారాల) కోర్టులో నమోదు చేయించాలి, సిబ్బంది పట్టీ రాయించాలి, బయల్దేరేటప్పుడు కాంజే అనే అనుమతి తీసుకోవాలి.

దోపిడీకీ పద్ధతుంది. దగ్గరికి వెళ్లేదాకా ఏ జెండా ఎగరేసినా అభ్యంతరం లేదు. ఆగమని హెచ్చరించే ఫిరంగి మాత్రం ఫ్రెంచి జెండా కిందే పేల్చాలని 1696లో ఉత్తర్వు వచ్చింది. ఎదుటి ఓడ లొంగాక కాగితాలు స్వాధీనం చేసుకుని, సరుకు గదుల మూతలకు, పెట్టెలకు సీలు వేయాలి. తర్వాత తమ మనుషుల్ని కొందరిని ఎక్కించి ఆ ఓడను ఫ్రెంచి రేవుకు పంపాలి. అక్కడ అమిరల్టీ అధికారులు బందీలను ప్రశ్నిస్తారు, పారిస్‌లో కోన్సెయ్ దె ప్రీజ్ (పట్టుబడ్డ ఓడల మండలి) తీర్పు చెబుతుంది, ఆ తర్వాతే వేలం. అమ్మకపు సొమ్ములో అమిరల్‌కు పదో వంతు వెళ్లేది (1758లో దాన్ని ఎత్తేశారు). ఖర్చులు పోగా మిగిలినదాంట్లో మామూలుగా మూడింట రెండు వంతులు పెట్టుబడిదారులకు, ఒక వంతు సిబ్బందికి.

అంటే ప్రతి మెట్టు దగ్గరా ఒక గుమాస్తా ఉన్నాడు. కానీ వీళ్లందరూ ఒడ్డు మీదివాళ్లు. రేవుకు చేరిన కెప్టెన్ 24 గంటల్లోగా అమిరల్టీలో ప్రయాణ నివేదిక ఇవ్వాలి. ఓడ, కెప్టెన్, సిబ్బంది అందరూ ఒకేసారి పోతే ఆ నివేదిక ఇచ్చేదెవరు? రాజుగారి యుద్ధనౌక పోతే నౌకాశాఖ ఆరా తీస్తుంది. ప్రైవేటు ఓడ పోతే వాటాదార్లు లెక్క మూసేస్తారు. నమోదు కాకపోవడంలో విచిత్రం లేదు. అసలు విషయం వేరే: ఆ మౌనం ఫ్రాన్స్ వైపు మాత్రమే ఉందా, ఇంగ్లండ్ వైపు కూడా ఉందా?

ఇంగ్లిష్ వాళ్లు ఈ ఓడను పట్టుకుని ఉంటే లండన్ అమిరల్టీ కోర్టులో దావా నడిచేది, ఓడ కాగితాలు హెచ్‌సీఏ 32 వరుసలో (ఆ కోర్టు దస్త్రాల సంఖ్య) ఇప్పటికీ లండన్లోని క్యూ అనే చోట ఉన్న జాతీయ ఆర్కైవ్స్‌లో ఉండేవి. పట్టుకోకుండా ముంచి ఉన్నా కాగితం పుట్టాలి. బ్రిటిష్ చట్టం 1708 నుంచి శత్రు సాయుధ ఓడను పట్టుకున్నా, ముంచినా, కాల్చినా అందులోని మనిషి తలకు 5 పౌన్ల చొప్పున బహుమానం ఇచ్చేది. 200 మంది ఉన్న ఓడను ముంచితే 1,000 పౌన్లు. అంత డబ్బు వదులుకుని మాట్లాడకుండా ఊరుకునే కెప్టెన్ రాయల్ నేవీలో ఉంటాడా? అందుకే ఇంగ్లిష్ దస్త్రాల్లో కూడా ఏమీ దొరకకపోతే, చూసినవాడు ఎవడూ లేకుండా మునిగిందని అర్థం. తుపాను, రాత్రిపూట ఢీకొనడం, నిప్పు, ఓడ తలకిందులవడం, వీటిలో ఒకటి. యుద్ధం ఆ జాబితాలో చివరికి పోతుంది.

అడుగుమట్టి

దస్తావేజు గారు చెప్పినదానికి అడుగు నుంచి కొంత కలుపుతాను.

గంట సంగతి. గంట మీది సంవత్సరం గంట పోసిన ఏడు. సాధారణంగా ఓడ కట్టిన ఏడో, కొత్త యజమాని పేరు మార్చిన ఏడో అవుతుంది, మునిగిన ఏడు మాత్రం కానక్కర్లేదు. 1744 తర్వాత మునిగిందని మాత్రమే అది చెప్పగలదు. పట్టుబడ్డ ఓడల గంటలు ఊడదీసి మరో ఓడకు బిగించడం ఉంది, పాత కంచు కింద అమ్ముడుపోవడమూ ఉంది. కాబట్టి గంటకు తోడు ఇంకో రెండు సాక్ష్యాలైనా పొసగాలి. ఇక్కడ పొసగాయి: ఫిరంగుల సంఖ్య ఆ పరిమాణపు ప్రైవేటీర్‌కు సరిపోతుంది, శిథిలం పద్దెనిమిదో శతాబ్దిది, ఓడ ఇంగ్లిష్ వర్తక మార్గం మీదే పడి ఉంది. ఇంత ఉన్నాక గుర్తింపును శంకించాల్సిన పని లేదు.

ఇక అడుగున ఏం మిగులుతుందో చూద్దాం. పడమటి చానల్లో అడుగు గట్టిది, పైన ఇసుక, గులకరాళ్ల పొర పలచన, ఆటుపోట్ల ప్రవాహం బలమైనది. కలప ఇసుకలో లోతుగా కూరుకుపోతేనే నిలుస్తుంది. ఇసుక పైన బయటపడి ఉన్నదాన్ని కలప తొలిచే తెరేడో పురుగు కొన్నేళ్లలో జల్లెడ చేసేస్తుంది. అందువల్ల ఇలాంటి చోట ఓడ ఆకారం ఉండదు, ఓడలోని లోహం ఉంటుంది. శబ్ద తరంగాలతో అడుగును చూపే సైడ్ స్కాన్ సోనార్‌లో చిన్న దిబ్బలా కనిపిస్తుంది, ఇనుమును పసిగట్టే మాగ్నెటోమీటర్ మాత్రం గట్టిగా పలుకుతుంది, ఎందుకంటే పదుల టన్నుల ఇనుము ఒకేచోట ఉంది. ఆ తర్వాత మనిషి లేని రిమోట్ వాహనాన్ని దించి, వందల ఫొటోలు అతికి పటం తయారుచేస్తారు.

ఆ పటాన్ని చదవడంలోనే మూడో ప్రశ్నకు జవాబు ఉంటుంది. ముందు ఇనుప దిమ్మెల వరుస వెతకాలి. అవి ఓడ అడుగున వెన్నుకర్ర పక్కన పేర్చినవి, బరువైనవి, పెద్దగా కదలవు. వాటి వరుసే ఓడ పొడుగు దిశ. దానికి రెండు వైపులా ఫిరంగులు సమానంగా పడి ఉంటే ఓడ నిటారుగా దిగింది. అన్నీ ఒకే పక్కన కుప్పపడితే పక్కకు ఒరిగి దిగింది. దిమ్మెలు ఒకచోట, ఫిరంగులు చాలా దూరంలో మరోచోట ఉంటే ఓడ నీటి పైనే తలకిందులై ఫిరంగులు ముందు రాలిపోయాయి.

తర్వాత ఒక్కో ఫిరంగి మూతి. తుపానులో ఫిరంగిని లోపలికి లాగి, మూతి ఎత్తి పోర్టు (ఓడ గోడలో ఫిరంగి కోసం చేసిన కంత) పై దూలానికి ఆనించి తాళ్లతో బిగిస్తారు, మూతికి కొయ్య బిరడా కొడతారు. ఆ బిరడా పైన గట్టిపడ్డ తుప్పు పెంకు కింద భద్రంగా మిగలవచ్చు. యుద్ధంలో ఉన్న ఓడ ఫిరంగికి బిరడా ఉండదు, గుండు లోపల ఉండే అవకాశం ఎక్కువ. కొన్ని ఫిరంగులకు బిరడాలు, కొన్నింటికి లేవు అంటే ఒక పక్క వాటితోనే పోరాడుతున్నారనో, హడావిడిగా సిద్ధమవుతున్నారనో అనుకోవాలి. ఒక్క హెచ్చరిక: ప్రైవేటీర్లు గుండు నింపే తిరిగేవి, కాబట్టి గుండు ఉన్నంత మాత్రాన యుద్ధం కాదు. బిరడాయే మంచి సాక్షి.

ఇదంతా అడుగు కదలకుండా ఉంటేనే. ఇక్కడ ట్రాలర్ల, అంటే అడుగున వల ఈడ్చే చేపల పడవల బెడద ఉంది. చానల్లో స్కాలప్ గుల్లల కోసం లాగే డ్రెడ్జ్ (ఇనుప బుట్ట) ఒక్కోటి ముప్పావు మీటరు వెడల్పుంటుంది, ముందు ఇనుప పళ్ల దువ్వెన ఉంటుంది, ఒక్క పడవ వాటిని వరుసలు వరుసలుగా లాగుతుంది. బీమ్ ట్రాల్ (దూలం కట్టి ఈడ్చే వల) ఇంకా బరువు. టన్ను దాటిన ఫిరంగిని కూడా ఇవి ఈడ్చుకుపోతాయి. కదిలిన ఫిరంగిని పోల్చుకోవడం కష్టం కాదు: పెంకు విరిగిన చోట తుప్పు పచ్చి నారింజ రంగులో ఉంటుంది, ఏళ్ల తరబడి ఇసుకలో పూడి ఉన్న నున్నటి పక్క పైకి తిరిగి ఉంటుంది, నాచు, గుల్లలు కింది వైపున ఉంటాయి. అలాంటి ఫిరంగుల్ని లెక్కలోంచి తీసేశాకే వరుసల గురించి మాట్లాడాలి. 33సీ బాగా చెదిరిన శిథిలం. అందుకే నిటారుగా దిగిందా, ఒరిగి దిగిందా అన్నది ఆ పటం మీద గట్టిగా చెప్పడానికి నాకు మనసు రాదు.

తెరచాప_నీడ

ఇద్దరికీ కృతజ్ఞతలు. రెండు అనుబంధ ప్రశ్నలు. 25 అనే బేసి సంఖ్య ఏమిటి? ఫిరంగులు జతలుగా కదా ఉండాలి. గంటతో పాటు ఒకటి రెండు ఫిరంగులు కూడా పైకి తెస్తే కారణం తేలేది కాదా?

పన్నెండు_పౌన్లు

బేసి సంఖ్య పెద్ద చిక్కు కాదు. ఒకటి ట్రాలర్ వలలో పోయి ఉండవచ్చు, ఇసుక కింద ఉండవచ్చు, లేదా ముక్కు దగ్గర వేట ఫిరంగి (ముందున్న ఓడను తరుముతూ పేల్చేది) ఒంటరిగా ఉండవచ్చు. నాకు ముఖ్యమనిపించేది ఇంకొకటి: 25 ఉన్నాయి. మునిగిపోయే ప్రమాదంలో ఉన్న ఓడ, లేదా పెద్ద యుద్ధనౌక తరుముతుంటే పారిపోతున్న ఓడ, మొదట చేసే పని పై డెక్కు ఫిరంగుల్ని సముద్రంలోకి తోసేయడం. తాడు కోసి, పోర్టులోంచి జార్చేస్తే క్షణాల్లో టన్ను బరువు తగ్గుతుంది. ఈ ఓడలో దాదాపు పూర్తి సంఖ్య ఓడతోనే దిగింది. అంటే తోసేయడానికి టైము చాలలేదు. చాలాసేపు సాగిన తరుముడునీ, రోజంతా నీళ్లు తోడుతూ గడిపిన తుపానునీ నేను పక్కన పెడతాను. హఠాత్తుగా ఒరగడం లేదా ఢీకొనడం వైపే నా మొగ్గు. అడుగుమట్టి గారు పటం చెదిరిందని ఆగిపోయారు. సంఖ్యకు ఆ ఇబ్బంది లేదు.

హఠాత్తుగా ఒరగడానికి ప్రైవేటీర్లకు సొంత కారణాలున్నాయి. పై డెక్కు మీద ఫిరంగుల బరువు, వేగం కోసం పొడుగైన కొయ్యస్తంభాలు, సరుకు లేని ఖాళీ పొట్ట. ఇనుప దిమ్మెలు వేసింది దీనికే: రాయి కన్నా ఇనుము తక్కువ చోటులో ఎక్కువ బరువు, అదీ వెన్నుకర్ర పక్కనే, కిందికి. అయినా నెలల తరబడి తిరిగాక నీటి పీపాలు, తిండి పీపాలు ఖాళీ అయ్యి అడుగు తేలికవుతుంది. పీపాల్ని సముద్రపు నీటితో నింపమని రూలు చెబుతుంది. తాగునీటి పీపా ఉప్పుతో పాడవుతుందని సిబ్బంది వాయిదా వేస్తారు. దీనికి తోడు మనుషుల కొరత. పట్టుకున్న ప్రతి ఓడకూ పది మంది దాకా పంపాలి కాబట్టి నాలుగైదు దొరికేసరికి మంచి నావికులంతా వెళ్లిపోతారు. గాలివాన కొట్టినప్పుడు పై తెరచాపలు చుట్టేవాళ్లు చాలరు. లాభసాటి ప్రయాణం చివర్లోనే ప్రైవేటీర్ అన్నిటికన్నా బలహీనంగా ఉంటుంది.

ఫిరంగి కొలత గురించి కూడా. ఫ్రెంచి పౌను 489.5 గ్రాములు, ఇంగ్లిష్ పౌను 453.6. ఫ్రెంచి ఎనిమిది పౌన్ల గుండు 3.9 కిలోలు, ఫిరంగి రంధ్రం సుమారు 106 మి.మీ. ఆరు పౌన్లదైతే 96, పన్నెండుదైతే 121 మి.మీ. ఇంగ్లిష్ తూకం పట్టుకుని లెక్క వేస్తే ఓడ దేశమే మారిపోతుంది. అడుగున వీడియోలో మూతి కొలిస్తే ఇంకో తప్పు: పెంకు రంధ్రాన్ని ఒకటి రెండు సెంటీమీటర్లు తేలిగ్గా మూసేస్తుంది. పైగా ప్రైవేటీర్లు దొరికిన ఫిరంగి పెట్టుకునేవాళ్లు, కాబట్టి రెండు మూడు దేశాల కొలతలు కలిసి ఉన్నా ఆశ్చర్యపోవద్దు.

పైకి తేవడం గురించి అడిగారు. పోత ఇనుములో ఉప్పు చేరి ఇనుము కరిగిపోతుంది, మిగిలేది గ్రాఫైట్ చట్రం. ఆకారం చెక్కు చెదరదు. పెంకు తీస్తే నల్లగా నిగనిగలాడుతుంది, చాకుతో గీస్తే పెన్సిల్ ముక్కులా చారలు వస్తాయి. పోత పోసిన గుర్తులు, తయారీ అక్షరాలు ఉన్నది ఈ మెత్తటి పొర మీదే. ఆరనిచ్చారా, క్లోరైడులు పని మొదలుపెట్టి పొర పెచ్చులుగా ఊడిపోతుంది, దాంతో పాటు అక్షరాలు పోతాయి. అందుకే నీళ్లలోంచి నీళ్లలోకే మార్చాలి, తర్వాత 2 శాతం సోడియం హైడ్రాక్సైడ్ తొట్టిలో తక్కువ విద్యుత్తు పెట్టి ఏళ్ల తరబడి ఉప్పు లాగాలి, ద్రావణంలో క్లోరైడు తగ్గిందని కొలుస్తూ మళ్లీ మళ్లీ మార్చాలి. తొట్టి, నిధులు, పదేళ్ల ఓపిక లేకుండా టన్ను ఫిరంగిని పైకి తెస్తే దాన్ని చంపినట్టే. బిరడా ఉందో లేదో చూడటానికి పైకి తేనక్కర్లేదు. మూతి దగ్గర పెంకును కొద్దిగా తొలిస్తే చాలు.

అడుగుమట్టి

సంఖ్య గురించిన వాదన బాగుంది, ఒప్పుకుంటాను. ఢీకొనడం కన్నా ఒరగడమే నాకు ఎక్కువ నమ్మకం. ఢీకొంటే రెండో ఓడ ఉండాలి, అది తేలి ఉంటే ఏదో ఒక రేవులో ఎవరో ఒకరు చెప్పుకుని ఉండాలి.

పైకి తీయడంలో చట్టం పేచీ కూడా ఉంది. నీటి అడుగు వారసత్వంపై యునెస్కో 2001 ఒప్పందం అమ్మకం కోసం వస్తువులు తీయడాన్ని నిషేధిస్తుంది. ఫ్రాన్స్ 2013లో చేరింది, బ్రిటన్ చేరలేదు. వ్యాపార కంపెనీ కనుక్కున్న శిథిలం కావడంతో అకడమిక్ వాళ్లలో చాలామంది దీని జోలికి రాలేదు. ఆ అభ్యంతరం న్యాయమైనదే కానీ, ఈలోగా డ్రెడ్జ్‌లు మాత్రం సెలవు తీసుకోవు.

పోల్చి చూడాలంటే ఫ్రాన్స్‌లోని సెయింట్ మాలో రేవు ముఖద్వారంలోని లా నాతియేర్ చూడండి. అక్కడ రెండు కోర్సెయిర్ (ఫ్రెంచి ప్రైవేటీర్) ఫ్రిగేట్లు పక్కపక్కనే ఉన్నాయి: 1704 డిసెంబరులో పోయిన లా దోఫీన్, 1749 మేలో పోయిన లెమాబ్ల్ గ్రెనో. లోతు తక్కువ, అందుకే మిషెల్ లూర్, ఎలిజబెత్ వేరా బృందం 1999 నుంచి 2008 దాకా ఏటా డైవర్లతో తవ్వింది. పీపాలు, బూట్లు, కప్పీలు, కొయ్య చెంచాలు దొరికాయి. రెండూ ఊరి జనం కళ్లముందు రాళ్లకు కొట్టుకున్నవి కాబట్టి కాగితాలూ ఉన్నాయి. రేవు వాకిట్లో మునిగితే అంత, నడి చానల్లో మునిగితే ఇంత.

దస్తావేజు

లెమాబ్ల్ గ్రెనో ఇక్కడ ఇంకో రకంగా పనికొస్తుంది. గ్రాన్‌విల్‌లో యుద్ధం కోసం కట్టిన ఓడ, 1748 అక్టోబరులో ఎక్స్-లా-షపెల్ సంధితో ఆ యుద్ధం ముగియగానే సరుకు ఓడగా మారి స్పెయిన్‌లోని కాదిజ్‌కు బయల్దేరుతూ పోయింది. మార్కీస్ ద తూర్నీని కూడా యుద్ధ సంవత్సరాల్లోనే వెతికి ఆగిపోకూడదు. పైగా బోర్డో ఓడలు చాలావరకు ‘యుద్ధమూ సరుకూ’ రెండింటికీ కలిపి తీసుకున్న కమిషన్ మీద నడిచేవి: కరీబియన్ సముద్రంలోని ఆంటిలీస్ దీవులకు సరుకు తీసుకుపోతూ, దారిలో దొరికిందాన్ని పట్టుకోవడం. అయితే అడుగున 25 ఫిరంగులు ఉన్నాయంటే, చివరి ప్రయాణం నాటికి ఆయుధాలు దించేయలేదు. శాంతికాలంలో అన్ని ఫిరంగులు మోయడం దండగ. కాబట్టి నా వరకు 1744, 1748 మధ్యే మొదట వెతుకుతాను.

వెతకాలనుకునేవాళ్లకు వరుస చెబుతాను. జిరోంద్ జిల్లా ఆర్కైవ్స్‌లో 6 బీ వరుస, అంటే గియెన్ (బోర్డో ప్రాంతం) అమిరల్టీ దస్త్రాలు, మొదట. అందులో కమిషన్ల నమోదు, కాంజేలు, కెప్టెన్ల నివేదికలు చూడాలి. చివరి కాంజే ఉండి, దానికి జవాబుగా నివేదిక లేకపోతే అదే ఆఖరి ప్రయాణం. తర్వాత పారిస్ జాతీయ ఆర్కైవ్స్‌లో జీ5, అక్కడ పట్టుకున్న ఓడల తీర్పులు ఉంటాయి. ఆఖరి తీర్పు తేదీ మునక కాలానికి ఉన్న కింది హద్దును (1744) ఇంకా పైకి జరుపుతుంది.

చాలామంది వదిలేసేది బీమా. 1681 శాసనం ప్రకారం ఓడ జాడ తెలియకపోతే, మామూలు ప్రయాణానికి బయల్దేరిన ఏడాది తర్వాత, దూర ప్రయాణానికి రెండేళ్ల తర్వాత యజమాని ఓడను బీమాదారులకు వదిలేసి సొమ్ము అడగవచ్చు. ఆ వదులుకోలు పత్రం ఏ నోటరీ దగ్గరో ఉంటుంది. దాని తేదీ నుంచి ఏడాదో రెండేళ్లో వెనక్కి లెక్కిస్తే బయల్దేరిన రోజు దగ్గరికి వస్తాం. మునక గురించి ఏ అధికారీ రాయకపోయినా, డబ్బు రావాల్సినవాడు రాసి తీరతాడు.

ఇంగ్లిష్ వైపు హెచ్‌సీఏ 32, రాయల్ నేవీ కెప్టెన్ల లాగ్‌లు ఉన్న ఏడీఎం 51, లండన్ ఓడల వార్తాపత్రిక లాయిడ్స్ లిస్ట్. రెండు జాగ్రత్తలు. ఇంగ్లిష్ గుమాస్తాలు ఫ్రెంచి పేరును చెవికి వినిపించినట్టు రాసేవాళ్లు, మార్కీస్‌ను మార్క్విస్ చేసేవాళ్లు, కాబట్టి అక్షరాలు మార్చి మార్చి వెతకాలి. తేదీలు: 1752 దాకా ఇంగ్లండ్‌లో పాత కాలెండర్, ఫ్రాన్స్ కన్నా 11 రోజులు వెనక, పైగా కొత్త సంవత్సరం మార్చి 25న. బోర్డో కాగితంలో 1746 ఫిబ్రవరి 10 అని ఉన్న రోజు ఇంగ్లిష్ లాగ్‌లో 1745 జనవరి 30. ఇది చూసుకోకుండా పెట్టె తెప్పిస్తే తప్పు ఏడాది పెట్టె వస్తుంది.